మిక్సర్ దగ్గర నిలబడేవారికి

తెలుగు రాష్ట్రాల్లోని డీజే ఆపరేటర్లకు, సౌండ్ సర్వీస్ యజమానులకు బహిరంగ లేఖ

డీజే మిక్సర్ చేసే పనులు మూడు. వేర్వేరు బలాలతో వచ్చే సిగ్నళ్లను ఒకే స్థాయికి తేవడం, వాటిని కలిపి బయటికి పంపడం, జనం వినబోయే పాటను ముందుగా ఆపరేటర్ ఒక్కడికే వినిపించడం. ప్యానెల్ మీద ఎన్ని నాబ్‌లున్నా అవన్నీ ఈ మూడింట్లో ఏదో ఒక పని కోసమే. సిగ్నల్ నడిచే దారి కూడా దాదాపు అన్ని మిక్సర్లలో ఒకటే. వెనకవైపు ఇన్‌పుట్‌లో మొదలై ట్రిమ్, ఈక్యూ, చానల్ ఫేడర్, క్రాస్‌ఫేడర్ దాటి మాస్టర్‌కు చేరుతుంది. అక్కడినుంచి బేస్, ట్రెబుల్‌లను విడదీసే క్రాస్‌ఓవర్, ఆంప్లిఫయర్, చివరికి బాక్సులు. ఈ వరుస మనసులో ఉన్న ఆపరేటర్ మధ్యలో సౌండ్ ఆగిపోతే కంగారుపడడు. చానల్ మీటర్ ఆడుతోందా, మాస్టర్ మీటర్ ఆడుతోందా అని చూస్తాడు. చానల్ మీటర్ కదలకపోతే తప్పు ఇన్‌పుట్ వైపు ఉంది. మాస్టర్ మీటర్ బాగానే ఆడుతూ బాక్సులు మూగబోతే తప్పు మిక్సర్ దాటాక ఉంది. సగం వెతుకులాట అక్కడికే తీరుతుంది.

ఈ యంత్రం 1970ల మొదట్లో న్యూయార్క్ డిస్కో క్లబ్బుల అవసరాల్లోంచి పుట్టింది. అలెక్స్ రోస్నర్ ఒక క్లబ్ కోసం చేతితో తయారుచేసిన 'రోసీ', రూడీ బోజాక్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన సీఎంఏ-10-2డీఎల్ తొలితరం మిక్సర్లు. బోజాక్ మిక్సర్‌లో జరిపే ఫేడర్లు లేవు, తిప్పే నాబ్‌లే. క్రాస్‌ఫేడర్ ఆ దశాబ్దం చివర్లో వచ్చి చేరింది. పయనీర్ తన డీజేఎం వరుసలో తొలి మిక్సర్ డీజేఎం-500ను 1990ల మధ్యలో విడుదల చేసింది. ఇవాళ ఫంక్షన్ హాళ్లలో కనిపించే చాలా మిక్సర్లు, కంట్రోలర్ల అమరిక ఆ వరుసకు దగ్గరగానే ఉంటుంది. అందుకే ఒక మిక్సర్‌ను శ్రద్ధగా నేర్చుకున్నవారికి ఇంకొకటి కొత్తగా తోచదు.

వెనక ప్యానెల్‌లో మొదట గుర్తించాల్సింది ఇన్‌పుట్‌ల మధ్య తేడా. ఫోనో, లైన్ రెండింటికీ ఆర్‌సీఏ సాకెట్లే ఉంటాయి, చూడ్డానికి ఒకలాగే కనిపిస్తాయి. కానీ ఫోనో ఇన్‌పుట్ గ్రామఫోన్ రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ కోసం ఉద్దేశించింది. టర్న్‌టేబుల్ సూది దగ్గర పుట్టే సిగ్నల్ సుమారు 5 మిల్లీవోల్టులు. మామూలు లైన్ స్థాయి దానికి దాదాపు 60 రెట్లు. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు. మళ్లీ వాయించేటప్పుడు దాన్ని సరిచేసే ఏర్పాటు ఫోనో ఇన్‌పుట్‌లోనే ఉంటుంది. లాప్‌టాప్‌నో సీడీ ప్లేయర్‌నో అందులో గుచ్చితే పాట బరబరమంటూ బేస్‌తో మునిగిపోతుంది, మీటర్ ఎర్రలోకి దూకుతుంది. టర్న్‌టేబుల్‌ను లైన్‌లో గుచ్చితే గొంతు పీలగా, దూరంనుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కొన్ని మిక్సర్లలో ఒకే సాకెట్‌కు ఫోనో, లైన్ అని స్విచ్ ఉంటుంది. ప్రోగ్రాం మొదలవకముందు ఆ స్విచ్ ఎటు ఉందో చూసుకోవడం తప్పనిసరి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరును మిక్సర్ వెనక ఉన్న గ్రౌండ్ స్క్రూకు బిగించకపోతే హమ్మింగ్ వదలదు.

మన ప్రాంతపు పెళ్లిళ్లలో టర్న్‌టేబుల్ అరుదు, లాప్‌టాపే ఎక్కువ. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ స్టీరియో. ఒకే పిన్నులో కుడి ఎడమలు రెండూ ఉంటాయి. దాన్ని రెండు ఆర్‌సీఏలుగా విడదీసే వైరుతో లైన్ ఇన్‌పుట్‌కు ఇవ్వాలి. అడాప్టర్ దొరికిందని అదే స్టీరియో పిన్నును బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్‌లో గుచ్చడం చాలాచోట్ల జరిగే పొరపాటు. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. గాయకుడి గొంతు కుడి ఎడమల్లో సమానంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. వాయిద్యాలు అరకొరగా వినిపిస్తాయి, పాడేవారి గొంతు దాదాపు మాయమవుతుంది. పాట ఫైలు పాడైందనుకుని ఆపరేటర్ పాట మీద పాట మారుస్తూ ఉంటాడు. తప్పు ఫైలుది కాదు, వైరుది. యూఎస్‌బీ పోర్టు ఉన్న మిక్సర్‌ను లాప్‌టాప్‌కు నేరుగా కలిపితే ఈ తంటా ఉండదు. మిక్సరే సౌండ్ కార్డుగా పనిచేస్తుంది.

మైక్‌కు విడి సాకెట్ ఉంటుంది, చాలావరకు ఎక్స్‌ఎల్‌ఆర్. మైక్ సిగ్నల్ కూడా మిల్లీవోల్టుల్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని లైన్‌లో పెడితే వినపడదు. కార్డ్‌లెస్ మైక్ రిసీవర్లలో కొన్ని లైన్ స్థాయి సిగ్నల్ ఇస్తాయి. అలాంటివాటిని మైక్ సాకెట్‌కు కలిపితే మాట పగిలిపోతుంది. రిసీవర్ వెనక లైన్, మైక్ అని స్విచ్ ఉంటే దాన్ని సాకెట్‌కు తగ్గట్టు పెట్టాలి.

అవుట్‌పుట్‌ల విషయానికొస్తే, పెద్ద మిక్సర్లలో మాస్టర్‌కు రెండు జతలుంటాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ జత బ్యాలెన్స్‌డ్, ఆర్‌సీఏ జత కాదు. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ను షీల్డు, 2, 3 పిన్నులు సిగ్నల్. ఆ రెంటిలో ఒకే సిగ్నల్ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో నడుస్తుంది. దారిలో దూరిన రొద రెంటిలోనూ ఒకేలా ఉండి అవతలి చివర రద్దవుతుంది. అందుకే స్టేజీ దగ్గరి ఆంప్ ర్యాక్‌కు వేసే పొడుగు వైరు ఎప్పుడూ ఎక్స్‌ఎల్‌ఆరే కావాలి. ఆర్‌సీఏ వైరు రెండు మూడు మీటర్లు దాటితే రొద మొదలవుతుంది. స్థాయిలో కూడా తేడా ఉంది. ఇళ్లలో వాడే ఆడియో పరికరాల లైన్ స్థాయి సుమారు 0.316 వోల్టులు, ప్రొఫెషనల్ పరికరాలది 1.23 వోల్టులు. డెసిబెల్స్‌లో ఇది దాదాపు 12. ఈ తేడా తెలియకుండా ఆర్‌సీఏ నుంచి ఆంప్‌కు ఇచ్చి, సౌండ్ చాలడం లేదని మాస్టర్‌ను చివరిదాకా తిప్పేస్తుంటారు. బూత్ అవుట్‌పుట్ ఆపరేటర్ పక్కన పెట్టే మానిటర్ బాక్సు కోసం. రికార్డ్ అవుట్‌పుట్ వీడియో వారికి ఇవ్వడానికి. మాస్టర్ నాబ్ తిప్పినా ఇది మారదు కాబట్టి వీడియోలో సౌండ్ ఎక్కువ తక్కువలు కాదు. వీడియో వారికి మాస్టర్ నుంచి చీల్చి ఇవ్వడం కంటే ఇదే మేలు.

కరెంటు సంగతి క్లుప్తంగానే అయినా గట్టిగా చెప్పాలి. ఆన్ చేసేటప్పుడు మిక్సర్, లాప్‌టాప్ ముందు, క్రాస్‌ఓవర్ తర్వాత, ఆంప్‌లు ఆఖరున. ఆపేటప్పుడు ఆంప్‌లు మొదట. ఈ వరుస తప్పితే ఆన్ చేసిన క్షణాన పుట్టే దెబ్బ నేరుగా స్పీకర్ కోన్ మీద పడుతుంది. హమ్మింగ్ వస్తోందని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు ప్రాణాంతకమైనది. షామియానా ఇనుప గుంజలు, తడి నేల, జనరేటర్ కలిసిన చోట ఎర్త్ ఒక్కటే ఆపరేటర్‌కూ మైక్ పట్టుకున్నవారికీ రక్షణ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ హమ్మింగ్ 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. రెండు పరికరాలు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ కావడమే దానికి ఎక్కువసార్లు కారణం. మిక్సర్, లాప్‌టాప్, ఆంప్‌లన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇస్తే చాలావరకు తగ్గుతుంది. లాప్‌టాప్ చార్జర్ వల్ల వచ్చే రొదకు సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం మందు. ఎర్త్ తీసేయడం మందు కాదు.

ఇక అసలు విషయం ట్రిమ్. కొన్ని మిక్సర్లలో దీన్ని గెయిన్ అంటారు. ఫేడర్ల పైన, చానల్ మొదట్లో ఉండే చిన్న నాబ్ ఇది. ఈ నాబ్‌ను ఒకసారి ఒకచోట పెట్టి రాత్రంతా ముట్టనివారే ఎక్కువ. నిజానికి పాట మారినప్పుడల్లా ముందుగా చూడాల్సింది దీన్నే. ఈ మధ్య సినిమా పాటలను మాస్టరింగ్‌లో బాగా నొక్కి, గట్టిగా వినిపించేట్టు తయారుచేస్తున్నారు. 1980ల నాటి ఇళయరాజా పాట పాత రికార్డింగ్ అయితే అదే నాబ్ స్థానంలో ఎంతో తక్కువగా వినిపిస్తుంది. అప్పుడు ఫేడర్‌నో మాస్టర్‌నో పెంచితే, తర్వాతి కొత్త పాట మొదలవగానే బాక్సులు అదిరిపోతాయి. పాత పాటకు ట్రిమ్ పెంచి, కొత్త పాటకు తగ్గిస్తే ఫేడర్లూ మాస్టరూ కదపనక్కర్లేదు.

పద్ధతి సులువే. చానల్ ఫేడర్ కిందికి దించి ఉంచి, పాటలో అన్నిటికంటే గట్టిగా ఉండే చోటుకు, అంటే పల్లవి రెండోసారి వచ్చేచోటికో డప్పుల మధ్యకో వెళ్లి వాయించాలి. చానల్ మీటర్ చూస్తూ ట్రిమ్‌ను మెల్లగా పెంచాలి. పచ్చలైట్లు నిండి, గట్టి దెబ్బలకు మాత్రమే పసుపుపచ్చ లైటు మొదటి గడి తాకితే అక్కడ ఆపాలి. ఎర్రలైటు వెలగకూడదు. తర్వాత ఫేడర్ పూర్తిగా పైకి తీసి, మాస్టర్ మీటర్ కూడా అదే స్థాయిలో ఆడేట్టు మాస్టర్ నాబ్ పెట్టుకోవాలి. ఇంతా చేశాక హాలుకు సౌండ్ చాలకపోతే పెంచాల్సింది ఆంప్ దగ్గర. ఆంప్ నాబ్‌లు సగంలో ఉంచి మిక్సర్‌ను ఎర్రలో నడపడం, మిక్సర్‌ను పచ్చలో ఉంచి ఆంప్ సరిచేయడం, వీటిలో మొదటిది పరికరాన్ని పాడుచేస్తుంది, రెండోది కాపాడుతుంది.

ఎర్రలైటు వెలిగినప్పుడు లోపల జరిగేది ఇది. సర్క్యూట్‌కు మోయగల వోల్టేజీ హద్దు ఒకటుంటుంది. సిగ్నల్ అది దాటితే తరంగం పైభాగం కొండ శిఖరాన్ని కోసి చదును చేసినట్టు తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన చోట అసలు పాటలో లేని కొత్త పౌనఃపున్యాలు పుట్టుకొస్తాయి, అవి ఎక్కువగా ట్రెబుల్ వైపు ఉంటాయి. పూర్తిగా తెగి చదరంగా మారిన తరంగంలో అదే ఎత్తున్న నున్నని తరంగంతో పోలిస్తే శక్తి రెట్టింపు. ఆ అదనపు వేడి టాప్ బాక్సుల్లో ట్రెబుల్ పలికించే హెచ్‌ఎఫ్ డ్రైవర్ల కాయిల్ మీద పడుతుంది. కాయిల్ సన్నటిది, కాలిపోతుంది. సీజన్‌లో డయాఫ్రమ్‌లు మార్చుకునే యజమానుల్లో చాలామంది నాసిరకం డ్రైవర్ అని తిట్టుకుంటారు. చాలాసార్లు నేరం మిక్సర్ మీద వెలిగిన ఎర్రలైటుది. ఇందులో లాభం ఎంత అని చూస్తే అదీ లేదు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి సౌండ్ రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అందుకు పది రెట్ల శక్తి కావాలి. అంటే ఎర్రలోకి తోసినందువల్ల జనానికి వినిపించేది గట్టిదనం కాదు, గరగర.

ట్రిమ్ కింద హై, మిడ్, లో అని మూడు ఈక్యూ నాబ్‌లుంటాయి. 2016లో వచ్చిన పయనీర్ డీజేఎం-900 నెక్సస్ 2నే తీసుకుంటే, ఒక్కొక్క నాబ్ పైకి 6 డెసిబెల్సే పెంచుతుంది, కిందికి 26 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. ఐసొలేటర్ స్థితిలో పెడితే ఆ భాగాన్ని పూర్తిగా మూసేస్తుంది. పెంచడానికి కొంచెమే, తగ్గించడానికి బోలెడు చోటు ఇచ్చారంటేనే ఈ నాబ్‌లు ఎందుకున్నాయో అర్థమవుతుంది. బేస్ కావాలని లో నాబ్‌ను చివరిదాకా తిప్పడం సిగ్నల్‌ను నేరుగా క్లిప్పింగ్‌లోకి తోయడమే. మిడ్, హై కాస్త తగ్గించి ట్రిమ్ సరిచేస్తే అదే బేస్ శుభ్రంగా వస్తుంది. రెండు పాటలు కలిసే చోట ఈక్యూ అసలు విలువ తెలుస్తుంది. రెండు పాటల బేస్ ఒకేసారి మోగితే, కిక్ దెబ్బలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడినచోట స్థాయి 6 డెసిబెల్స్ దాకా ఎగబాకవచ్చు. కొంచెం అటూ ఇటూ అయితే రెండూ కలిసి బురదలా వినిపిస్తాయి. కొత్త పాటను లో పూర్తిగా తగ్గించి లోపలికి తేవాలి. సరైన చోట, చరణం ముగిసి డప్పు మళ్లీ అందుకునే దగ్గర, పాత పాట లో తగ్గిస్తూ కొత్తదాని లో పెంచాలి. ఈ ఒక్క పని నేర్చుకుంటే పాట మారినట్టే జనానికి తెలియదు.

చానల్ ఫేడర్‌కు ఎక్కువ వివరణ అక్కర్లేదు. ఏ వైపు పాటనుంచి బీ వైపు పాటకు మార్చే క్రాస్‌ఫేడర్‌కు మాత్రం కొంత కావాలి. ఒక్కో చానల్‌కు ఏ, త్రూ, బీ అని స్విచ్ ఉంటుంది. త్రూలో ఉన్న చానల్ మీద క్రాస్‌ఫేడర్‌కు అధికారం లేదు. పెళ్లి ప్రోగ్రాముల్లో ఫేడర్లతోనే పాటలు మార్చే ఆపరేటర్ అన్ని చానళ్లనూ త్రూలో పెట్టుకోవడం క్షేమం. లేకపోతే చేయి తగిలి క్రాస్‌ఫేడర్ జరిగితే హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. క్రాస్‌ఫేడర్ వంపు స్విచ్ ఒకటుంటుంది. స్క్రాచ్ చేసేవారికి మొదట్లోనే పూర్తిగా తెరుచుకునే వంపు కావాలి, మెల్లగా కలిపేవారికి నిదానమైన వంపు.

క్యూ బటన్ నొక్కితే ఆ చానల్ ఫేడర్ కింద ఉన్నా హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. పక్కనే ఉన్న మిక్స్ నాబ్ క్యూ పాటనూ బయట మోగుతున్న పాటనూ ఏ పాళ్లలో వినాలో చెబుతుంది. కొత్త పాట టెంపోను అప్పుడే పాత పాటతో సరిపోల్చుకోవాలి. ఇక్కడ ఆపరేటర్లను మోసం చేసేది దూరం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. బాక్సులు ఆపరేటర్‌కు 20 మీటర్ల దూరంలో ఉంటే ఆ సౌండ్ అతని చెవికి చేరేసరికి 58 మిల్లీసెకన్లు ఆలస్యం. నిమిషానికి 120 దెబ్బల పాటలో రెండు దెబ్బల మధ్య వ్యవధి 500 మిల్లీసెకన్లు. అంటే దాదాపు ఎనిమిదో వంతు తేడా. బాక్సుల సౌండ్‌ను ఆధారం చేసుకుని లయ కలిపితే కచ్చితంగా తప్పుతుంది. పక్కనే బూత్ మానిటర్ ఉండాలనేది అందుకే. అది ఆడంబరం కాదు. హెడ్‌ఫోన్ వాల్యూమ్ కూడా ఒక మోస్తరులోనే ఉండాలి. రాత్రంతా చెవికి అంటుకుని ఉండేది అదే.

ఎఫెక్ట్స్ విభాగంలో మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి: ఏ చానల్‌కు, ఏ ఎఫెక్ట్, ఎంత. ఎకో, డిలే లాంటివి మిక్సర్ లెక్కగట్టిన బీపీఎంను, అంటే నిమిషానికి దెబ్బల సంఖ్యను బట్టి నడుస్తాయి. మన తీన్మార్ లాంటి మూడేసి విడతల లయలో యంత్రం ఆ లెక్క తప్పడం మామూలే. అప్పుడు ట్యాప్ బటన్‌ను దెబ్బకు సరిగ్గా చేతితో కొట్టి బీపీఎం ఇవ్వాలి. పని అయ్యాక ఎఫెక్ట్ ఆఫ్ చేశారా లేదా అని లైటు చూసుకోవాలి.

మైక్ చానల్‌లో లో నాబ్ తగ్గించి ఉంచితే మాట స్పష్టంగా వస్తుంది. టాక్‌ఓవర్ ఆన్ చేస్తే మైక్‌లో మాట రాగానే పాట దానంతటదే తగ్గుతుంది. పెళ్లి పెద్దలు ప్రకటన చేస్తున్నప్పుడు ఫేడర్ వెంట పరుగెత్తక్కర్లేదు. మైక్ ఎప్పుడూ బాక్సుల వెనకవైపే ఉండాలి. ముందుకు వస్తే బాక్సు సౌండ్ మళ్లీ మైక్‌లోకి దూరి కూత పెడుతుంది. కూత మొదలైతే మాస్టర్ ముట్టకుండా మైక్ ట్రిమ్ తగ్గించాలి.

చివరిగా స్థాయి. దీన్ని నిర్ణయించేది ఆపరేటర్ ఒక్కడే కాదు, చట్టం కూడా. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసిన హాళ్లలో తప్ప లౌడ్‌స్పీకర్ మోగకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి హద్దు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. ఊరేగింపుల్లో డీజే అనగానే జనానికి గుర్తొచ్చేది గుండె అదిరే మోత కావడం ఈ వృత్తికే నష్టం. వినోద వేదికలు, కార్యక్రమాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక ప్రమాణం ప్రకటించింది. ఏ 15 నిమిషాల సగటు చూసినా స్థాయి 100 డెసిబెల్స్ మించకూడదని అందులో ఉంది. బాక్సు ముందు తల పెట్టి ఆడే పిల్లలకు ఆ హద్దు కూడా ఎక్కువే.

సౌండ్ సర్వీస్ యజమానులకు విన్నపం ఇది. బాక్సులు, ఆంప్‌లు కొనడానికి లక్షలు పెడుతున్నారు. వాటన్నిటినీ నడిపే మిక్సర్ దగ్గర మాత్రం నిన్నటిదాకా వైర్లు మోసిన కుర్రాణ్ని ఏ శిక్షణా లేకుండా నిలబెడుతున్నారు. ఆ కుర్రాడికి సీజన్ మొదలవకముందే, ఖాళీ హాలులో, ట్రిమ్ నుంచి మాస్టర్ దాకా ఒక్కొక్క నాబ్ ఏం చేస్తుందో చెవితో వినిపించి నేర్పండి. ఎర్రలైటు వెలిగితే తప్పు జరిగినట్టేనని అతనికి మొదటి రోజే చెప్పండి. ప్రోగ్రాంకు గంట ముందే చేరుకుని లెవెల్స్ చూసుకునే సమయం ఇవ్వండి.

ఇట్లు,
సౌండ్ పరికరాలతో పనిచేసే ఒక టెక్నీషియన్